సీటు మిగిలితేనే మ్యాంచెస్టర్

ఆగస్టు 11, సోమవారం

ఈ డైరీ కొత్త సంవత్సరానికి కంపెనోళ్ళు ఇచ్చిండ్రు. ఇన్ని దినాలు ఒక్క పేజీ రాయలే. ఇగ ఇరవై రోజులైతే కంపెనీనే నన్ను ఇడిచిపెడ్తది, గందుకే దాని కాగితాలన్న ఖరాబు చేద్దామని కూసున్న.

సెప్టెంబర్ ఒకటి సంది ఎయిర్‌పోర్టుల మా చెకిన్ కౌంటర్లన్నీ ఎవరో ఏజెన్సీ చేతికి పోతున్నయి. నా పక్క కౌంటర్ల కూసునే నూరీన్ అసొంటి పడుచు పిల్లలను ఉంచుకుంటరంట. నలభై ఏడేండ్ల నిర్మల అక్కర్లేదు. "మేడమ్, మీ అనుభవమంటె మాకు మస్తు గౌరవం" అన్నడు టై కట్టుకున్న పిలగాడు. గౌరవం తోని ఏం చెయ్యాలె, పులుసు పెట్టుకోవాల్నా?

పదహారేండ్లు మ్యాంచెస్టర్ ట్యాగులు కట్టి పెట్టెలను బెల్టు మీదికి తోసిన. తొక్కు డబ్బాలున్న పెట్టెలు, కుక్కర్లున్న పెట్టెలు, చక్రం ఊడిన పెట్టెలు, అన్నీ పోయినయి. పెట్టెలు చూసిన ఊరు నేను చూడలే. కంపెనీ ఇచ్చే స్టాఫ్ టికెట్ నెలాఖరు దాకనే. ఆ తర్వాత అది సుత రద్దు. వీసా జూన్లనే తెచ్చి పెట్టుకున్న. ఇరవై సంది ఇరవై ఆరు దాక సెలవు రాసిచ్చిన. ఒక్కదాన్నే పోత. ఊరంత బస్సులల్ల తిరుగుత. ఎవ్వరికీ వండ.

ఆగస్టు 13

మా ఆయనకు చెప్పిన. బాలమల్లు కాటేదాన్ల బిస్కెట్ ఫ్యాక్టరీల సూపర్‌వైజర్. ఆ భట్టీల వేడి పొద్దుమూకి ఇంటికి మోసుకొస్తడు.

"మ్యాంచెస్టర్ల నీకు ఎవరున్నరు?"

"ఎవ్వరు లేరు."

"ఎవ్వరు లేని ఊరికి ఎవ్వరన్న పోతరా?"

"ఎవ్వరు లేరనే పోతున్న."

గంతే, గిన్నె పక్కకు జరిపిండు. ఆయన మాటకు ఎదురు చెప్తె అన్నం మీద కోపం చూపిస్తడు, వండింది నేను గాబట్టి. ఆఖరుకు అత్తమ్మనే అందుకున్నది. "పోనియ్యి రా. అందరిని పంపిచ్చింది, ఒకపారి అది సుత పోనియ్యి. నా మోకాళ్ళు మంచిగుంటే నేనే పోదును. శుక్రవారం శుక్రవారం దవాఖానకు పోవుడే నాకు మ్యాంచెస్టర్ అయింది."

బాలమల్లు నవ్విండు. "స్టాఫ్ టికెట్ అంటే సీటు మిగిలితేనే గదనే? పోయినట్టే పోయి పదకొండింటికల్ల ఇంట్ల ఉంటవ్. బువ్వ నీకు సుత వండమంట అమ్మను."

గీ మాట యాది పెట్టుకుంట.

ఆగస్టు 17

ప్లాన్ రాసుకున్న. దిగంగనే ఎయిర్‌పోర్టు కాడ 43 నంబర్ బస్సు. రెండంతస్తుల బస్సు, పసుపుపచ్చది. పైఅంతస్తుల అన్నిటికంటె ముందు సీటు. డ్రైవర్ నెత్తి మీద కూసున్నట్టు ఉంటదంట, ముందలంత అద్దమే. రెండో దినం పాత లైబ్రరీ. మూడో దినం ట్రామ్ ఎక్కి నీళ్ళ ఒడ్డుకు. నాలుగో దినం బెరీ అనే ఊర్ల అంగడి. అన్ని సరిగ్గ కాకపోయినా ఫర్వాలే, ఆ ముందు సీటు ఒక్కటి దొరకాలె.

ఆగస్టు 20, బుధవారం

రాలే సీటు.

సాగనంపనీకి మా ఊరు రావిర్యాల సగం వచ్చింది. మరిది యాదగిరి బొలెరో తీసిండు, అండ్ల తొమ్మిది మందిమి. అత్తమ్మ డిపార్చర్ ర్యాంపు మీదనే చక్రం కింద నిమ్మకాయ పెట్టింది. సెక్యూరిటాయన ఉరికొచ్చి "అమ్మా, ఏందిది" అని మొత్తుకుంటుంటె "తొక్కియ్యి యాదగిరీ!" అన్నది. తొక్కిచ్చిండు. బొట్టు పెట్టిండ్రు, ఫొటోలు దిగిండ్రు, చేతిల మక్క గారెల డబ్బా, మామిడికాయ తొక్కు పెట్టిండ్రు. చేతిసంచిల తొక్కు పోనియ్యరని పదహారేండ్ల సంది నేనే జనానికి చెప్తున్న. మా అత్తమ్మకు చెప్పే దమ్ము లేదు నాకు.

లోపట కౌంటర్ పక్కకు నిలబడ్డ. స్టాఫ్ టికెట్ వాళ్ళు గట్లనే నిలబడాలె, కౌంటర్ బంద్ చేసేదాక, దొంగల లెక్క. నూరీన్ కంప్యూటర్ దిక్కు చూస్తది, నా దిక్కు చూస్తది, అడ్డంగ తల ఊపుతది. "ఫుల్ అయింది అక్కా. అల్లా కసం, ఒక్కటి సుత లేదు. రేపు వస్తదిలే."

రేపు! గీ మాట నేనెంత మందికి చెప్పిన్నో. చెప్పినప్పుడు ఇనేటోళ్ళకు ఎక్కడ మండుతదో తెల్వలే నాకు.

ఇంటికి పోవుడు కాదు. బొట్టు పెట్టి బైలెల్లగొట్టిన మనిషి అదే దినం మల్ల గడప తొక్కొద్దంటది అత్తమ్మ. అదొకటి. పదకొండింటికి బువ్వ వండి ఉంటది, అది రెండోది.

నూరీన్ వాళ్ళమ్మ మసర్రత్ ఆపా ఇల్లు శంషాబాద్ పాతూర్ల, మసీదు వెనుక గల్లీల. పైన ఉన్న అర్ర ఇచ్చింది. "ఎన్ని రోజులన్న ఉండు బేటీ, నీ ఇల్లే అనుకో" అన్నది. తొక్కు ఆమెకే ఇచ్చిన.

ఫోన్ బంద్ పెట్టిన. విమానంల ఉన్న గద.

ఆగస్టు 21, గురువారం

ఫుల్.

పెండ్లి బ్యాచి ఒకటి, ముప్ఫై మంది. ఒక్కడన్న రాకుండ ఉంటడేమో అని చూసిన. అందరు వచ్చిండ్రు, ఒకడైతె మెడల దండ తీయకుండ వచ్చిండు.

అర్రల కూసుంటె పిచ్చి లేస్తది. ప్లాన్ తీసి చూసిన. ఇయ్యాల లైబ్రరీ. సరే, లైబ్రరీ అంటె లైబ్రరీ. మూతికి మాస్కు, నెత్తికి చున్నీ కట్టుకోని అఫ్జల్‌గంజ్ బస్సెక్కిన. ఈడ సుత పెద్ద లైబ్రరీ ఉంది, నది ఒడ్డుకు. పదహారేండ్ల సంది స్టాఫ్ బస్సుల పోయి వచ్చుడే, సిటీ బస్సెక్కి ఎన్నేండ్లాయెనో.

ఎక్కంగనే కండక్టరమ్మ "ఆధార్!" అన్నది. ఆడోళ్ళకు ఫ్రీ గద, జీరో టికెట్ కొట్టాలెనంట, కార్డు చూపియ్యాలె. ఫోన్ల ఫొటో చూపిస్తె "అసలుది తియ్యి" అన్నది. తీసిన. కార్డు చూసింది, నా మాస్కు చూసింది. "రావిర్యాలనా? మా చిన్నమ్మోళ్ళది సుత అదే ఊరు. ఎవరింటి కోడలివి?"

ఏం చెప్పాలె? దగ్గు వచ్చినట్టు చేసి వెనుకకు పోయిన.

గగన్‌పహాడ్ కాడ వాన. ఆరాంఘర్ కాడ ట్రాఫిక్ జామ్, ముప్పావు గంట. ఇసంట రమ్మంటె అసంట పోయె బండ్లు. కిటికీ అద్దం కిందికి దిగది, నీళ్ళన్నీ నా ఒళ్ళో పడ్డయి. పానం ఇసిగి, అక్కడనే దిగి జరసేపు షెడ్డు కింద నిలబడి, ఇంకో బస్సెక్కిన. లైబ్రరీ చేరేసరికి రెండున్నర. లోపట మంచిగనే ఉంది. నడుమ పెద్ద హాలు, పరీక్షలకు చదువుకునే పిల్లలతోని నిండిపోయి ఉంది. కూసోనీకి కుర్చీ దొరకలే. ఏడికి పోయినా ఫుల్లే ఈ జనమకు.

తిరుగు బస్సుల ఉన్నప్పుడు బాలమల్లు ఫోన్. నాలుగున్నర గంటలు తీసేసి లెక్క చూసుకున్న. అక్కడ పొద్దుగాలనే.

"చేరినవా?"

"ఆఁ, చేరిన. వాన పడుతుంది."

గప్పుడే కండక్టర్ "ఆగే బఢో, ఆగే బఢో!" అని ముందుకు జరగమని ఒర్రిండు.

"ఎవరది?"

"ఈడ మనోళ్ళు మస్తున్నరు," అన్న.

సరే జాగ్రత్త అన్నడు. నమ్మిండు. నమ్మనియ్యి.

ఆగస్టు 21, సాయంత్రం

మల్ల ఫోన్ చేసిండు. అక్కడ చలి పెడ్తుందా అని అడిగిండు. ఎందుకో ఇయ్యాల ఒక్క ఎగతాళి మాట అనలే. ఇంగ్లండుకు పోతేనే గని పెండ్లాం చలి యాదికి రాదు గీ మొగోళ్ళకు.

ఆగస్టు 22, శుక్రవారం

ఫుల్. ఇగ నూరీన్ మొకం సుత చూడబుద్ధి అయితలేదు, పాపం దాని తప్పేం లేదు.

ఇయ్యాల్టి ప్లాన్ల నీళ్ళ ఒడ్డు. హిమాయత్‌సాగర్ దిక్కు పోయే బస్సెక్కిన, ఆరాంఘర్ కాడ. కిటకిటలాడుతుంది. జర జరుపుకుంట ముందుకు పోయిన. డ్రైవర్ వెనుక కిటికీ సీట్ల ఒక ముసలామె కాళ్ళు మంచిగ బార్లా చాపి, ఒళ్ళో ఉడకబెట్టిన పల్లికాయ పోసుకోని తింటుంది. పొట్టు కిటికీల నుంచి బైటికి ఊదుతుంది. ఆ ఊదుడు నాకు తెలుసు.

మా అత్తమ్మ.

వెనుకకు తిరిగిన. మాస్కు పెట్టుకున్న గద, చూడదు అనుకున్న. చూసింది. మాస్కు పెడ్తె మొకం పోతది, నడక ఏడికి పోతది?

"ఓ నిర్మలా!" బస్సంత ఇనబడేటట్టు. "మ్యాంచెస్టర్ల సుత గీ బస్సే నడుస్తదా?"

"నువ్వు దవాఖానకు పోలేదా?" అన్న.

పక్కామెను లేపి నన్ను కూసోబెట్టింది. చేతిల పల్లికాయ పోసింది. దోసెడు తిన్నంక షురూ చేసింది.

"దవాఖాన లేదు, ఏం లేదు. డాక్టర్ మూడు నెలలకే ఇగ రావొద్దన్నడు. మోకాళ్ళు మంచిగనే ఉన్నయి."

"మరి శుక్రవారం శుక్రవారం?"

"బస్సెక్కుత. ఏది ముందుగల్ల వస్తె అది. ఆఖరి స్టాపు దాక పోవుడు, మల్ల అండ్లనే వచ్చుడు. వికారాబాద్ చూసిన. కల్వకుర్తి చూసిన. షాద్‌నగర్ బస్టాండ్ల చాయ్ మంచిగుంటది." ఇంకో పల్లికాయ ఒలిచింది. "ఏడాదిన్నర అయితంది. మీకు చెప్తె నవ్వుతరు. ముసలిదానికి తిరుగుడేందని అంటరు. మోకాలు నొప్పంటె ఎవ్వరేమనరు."

నాకు కోపం వచ్చింది, నిజం రాస్తున్న. ఏడాదిన్నర సంది ప్రతి శుక్రవారం డ్యూటీకి పోయే ముందు లేచి ఆమెకు టిఫిన్ కట్టిచ్చిన, దవాఖానల ఆకలైతదని. వికారాబాద్ల తినిందంట నా ఉప్మా. కోపం వచ్చింది, తర్వాత నవ్వు వచ్చింది, తర్వాత హిమాయత్‌సాగర్ కట్ట మీద కూసున్నంక ఏడుపు వచ్చింది. మూడు దినాల సంగతంత చెప్పిన. నౌకరీ సంగతి సుత చెప్పిన. అది ఇంట్ల ఇంకా ఎవ్వరికి చెప్పలే నేను.

అత్తమ్మ అంత ఇన్నది. "వాడికి చెప్ప. నువ్వు సుత నా సంగతి చెప్పకు," అన్నది. నీళ్ళు నిండుగున్నయి. చలిగాలి కొట్టింది. మ్యాంచెస్టర్ అనుకుంటె అనుకోవచ్చు, పక్కకు మక్క కంకులు కాల్చేటామె లేకుంటే.

ఆగస్టు 23, శనివారం

ఫుల్.

ఇగ చాలు. రేపు ఆదివారం. పోతె మాపటికి చేరుత, సోమవారం సాయంత్రమే తిరుగు విమానం ఎక్కాలె, అండ్ల సుత సీటు మిగిలితేనే. ఒక్క దినానికి అంత దూరం ఎవరు పోతరు? బుద్ధున్నోళ్ళు పోరు. మంగళవారం మధ్యాహ్నం చేతిసంచి పట్టుకోని ఇంటికి పోత, మ్యాంచెస్టర్ మంచిగుండె అని చెప్త. లైబ్రరీ చూసిన, నీళ్ళు చూసిన, వాన చూసిన. అబద్ధం ఏముంది అండ్ల.

అత్తమ్మకు ఫోన్ చేసి గిదే చెప్పిన. బాలమల్లు ఫ్యాక్టరీకి పోయి ఉన్నడు.

"ఒక్క దినమైతె ఏంది?" అన్నది. "నేను పొద్దుగాల పోయి మాపటికి వస్త. వికారాబాద్ చూసినట్టు కాదా?"

"వికారాబాద్ వేరు, అత్తమ్మా."

"ఏం వేరు? నువ్వు ఆ పైఅంతస్తు సీటు సీటు అని పది దినాల సంది చెప్తున్నవ్. దాంట్ల ఎంతసేపు కూసుంటవ్, గంటనే గద? గంట కోసం ఒక్క దినం సాలదా?"

"సీటు రాదు."

"రాకపోతె రాకపోయె. అడుగుడు బంద్ చేస్తె మాత్రం నేనే వాడికి చెప్త."

బెదిరిస్తుంది! దవాఖాన పేరు జెప్పి కల్వకుర్తి పోయే మనిషి నన్ను బెదిరిస్తుంది!

సాయంత్రం బాలమల్లు ఫోన్. "స్వెటర్ ఏసుకున్నవా? తిన్నవా? పైసలు గిట్ల ఉన్నయా?" గీ అడుగుడు ఇని ఇని ఇసుగొస్తుంది. తిన్న అన్న. మసర్రత్ ఆపా కిచిడీ, పుల్లటి ఖట్టా పెట్టింది. రొట్టె, సూపు అని చెప్పిన.

ఆగస్టు 24, ఆదివారం

సీటొచ్చింది.

ఎవడో రాలే. టికెట్ కొనుక్కోని రాకుండ ఉండే మనుషులను పదహారేండ్లు తిట్టిన. ఆయన ఎవరో గని సల్లగ ఉండాలె. కౌంటర్ బంద్ చేసే ముందు నూరీన్ బోర్డింగ్ పాస్ చింపి నా చేతిల పెట్టి "ఉరుకు అక్కా!" అన్నది. ఉరికిన. మక్క గారెల డబ్బా కౌంటర్ మీదనే మర్చిపోయిన. పాచిపోయినయి, మంచిగైంది.

ఆగస్టు 24, అక్కడ

దుబాయ్‌ల విమానం మారాలె. ఆడ సుత ఒక్కటే సీటు మిగిలింది, నాకే వచ్చింది.

దిగేసరికి ఎనిమిది కావచ్చింది. ఇంకా వెలుతురుంది. వాన. 43 బస్సు ఉంది, పసుపుపచ్చగ, నేను ఫొటోలల్ల చూసిందే. ఎక్కిన. డ్రైవర్ నా దిక్కు చూసిండు. నేను ఆయన దిక్కు చూసి సంచిల చెయ్యి పెట్టి ఆధార్ కార్డు తీసి చూపిచ్చిన.

ఆయన పట్టుకోని అటు ఇటు తిప్పి చూసిండు. నా ఫొటో చూసిండు. "ఏంది లవ్ ఇది?" అన్నడు ఇంగ్లీషుల. ఈడ పరాయి ఆడోళ్ళను సుత లవ్ అంటరంట. వెనుక నలుగురు నిలబడ్డరు. నాకు సిగ్గుతోని కార్డు వాపస్ తీసుకునుడు సుత చేతకాలే. బ్యాంకు కార్డు ఆనిచ్చి టికెట్ తీసుకోని పైకి ఎక్కిన.

ముందు సీట్ల ఒక అబ్బాయి, అమ్మాయి కూసున్నరు. వాళ్ళు దిగలే. ఊరి నడుమ పికడిల్లీ దాక వాళ్ళ వెనుకనే కూసోని వాళ్ళ తలకాయల సందుల నుంచి చూసిన. నా గాచారం గట్లనే ఉంటది.

ముందే పైసలు కట్టి పెట్టుకున్న రూము, నాలుగు దినాల సంది ఖాళీగున్నది, అండ్ల ఆఖరి రాత్రి పన్న.

ఆగస్టు 25, సోమవారం

ఇయ్యాల ఈ దేశం మొత్తానికి సెలవంట! లైబ్రరీ బంద్. బస్సులు ఆదివారం లెక్కనే నడుస్తయంట, అంటె ఎప్పుడో ఒకటి. నా సెలవుకే వీళ్ళు సుత సెలవు పెట్టుకోవాల్నా?

స్టాపుల నిలబడ్డ. నంబర్ చూడలే. ఏది ముందుగల్ల వస్తె అది. వచ్చింది. పైకి పోయిన. ముందు సీటు ఖాళీ. ఎవ్వరు లేరు. కూసున్న.

ఇగ ఏం రాయాలె. అద్దం నిండ ఊరే. ఎర్ర ఇటుక ఇండ్లు, తడిసిన చెట్లు, కొమ్మలొచ్చి అద్దానికి తాకినప్పుడల్ల తల కిందికి వంచిన, ఎందుకో. ఒక ఇంటి ముందల చక్రం ఊడిన నీలం పెట్టె చెత్తకుండీ పక్కకు పడి ఉంది. దాని పిడికి చినిగిన ట్యాగు ఇంకా ఏలాడుతుంది. నేను కట్టిందేనేమో. కాకపోయినా సరే. చాన సంతోషమైంది నాకు. ఒక్కదాన్నే నవ్విన.

గప్పుడనిపించింది, ఇగ అబద్ధం చాలని. వీడియో కాల్ చేసిన బాలమల్లుకు. ఆడ మూడు కావస్తుంది, సెకండ్ షిఫ్ట్‌కు తయారై ఇంట్లనే ఉన్నడు.

"చూడు," అన్న. అద్దం దిక్కు, రోడ్డు దిక్కు తిప్పి చూపిచ్చిన. "మ్యాంచెస్టర్. పైఅంతస్తు, ముందు సీటు."

చూసిండు. చానసేపు చూసిండు. తర్వాత మెల్లగ అన్నడు, "నిర్మలా. ట్యాంక్‌బండ్ దిక్కు తిరిగినయి గద కొత్త డబుల్ డెక్కర్లు. అండ్ల ఉన్నవా?"

"ఏంది?"

"యాదగిరి గురువారమే చూసిండు నిన్ను, ఆరాంఘర్ కాడ, షెడ్డు కింద వానల నిలబడ్డవంట మాస్కు పెట్టుకోని. ఎవ్వరికి చెప్పకురా అన్న. నువ్వే చెప్తవని ఆగిన. సీటు దొరకకపోతె నీ తప్పా? ఆ దినం నేను గట్ల అనకుండ ఉండాల్సుండె. ఇగ చాలు, ఇంటికి రా. వానల ఎన్ని దినాలని తిరుగుతవ్?"

చలి పెడ్తుందా. స్వెటర్ ఏసుకున్నవా. పైసలు ఉన్నయా. అన్నీ తెలిసే అడిగిండు.

గీ మనిషి మీద కోపం సుత సక్కగ తెచ్చుకోనియ్యడు. "తల్లితోడు, నేను నిజంగనే ఈడున్న," అన్న. "నిన్న పోయిన. సీటొచ్చింది."

"సరే సరే. ఆడనే ఉన్నవ్. నేను కాదన్ననా? అన్నం నీకు సుత వండమంట."

నాలుగు దినాలు అబద్ధం చెప్తె ఊఁ కొట్టిండు, ఇయ్యాల నిజం చెప్తె ఓదారుస్తుండు. నెత్తి కొట్టుకుందామంటె ముందలంత అద్దమే.

వెనుక నుంచి అత్తమ్మ "ఇటియ్యి రా, ఇటియ్యి" అని ఫోన్ గుంజుకున్నది. వాకిట్లకు వచ్చినట్టుంది, వెలుగు పడ్డది. మొకం ఫోన్‌కు ఆనిచ్చింది, ఒక్క కన్నే కనబడుతుంది.

"వచ్చిందా సీటు?"

"వచ్చింది అత్తమ్మా. ముందుదే."

"చూపియ్యి." చూపిచ్చిన. ఒక మూల మలిగేదాక చూసింది. ఆమె అడగలే ట్యాంక్‌బండా అని. "రోడ్డు మంచిగుంది," అన్నది. "టికెట్ ఎంత తీసుకున్నరు?"

"రెండు పౌండ్లు. మన పైసలల్ల రెండు వందల ముప్ఫై దాక."

"ఆడోళ్ళకు సుతనా?"

"ఆడోళ్ళకు సుత."

"ఛీ! ఇగ అదేం ఊరే," అన్నది. తర్వాత గొంతు తగ్గిచ్చి, కొడుక్కు ఇనబడకుండ, "వచ్చెయ్యి. నౌకరీ లేకపోతె లేకపాయె, శుక్రవారం నిన్ను నాగర్‌కర్నూల్ తీస్కపోత."

ఆఖరి స్టాపు దాక కూసున్న. మల్ల అండ్లనే వెనుకకొచ్చిన.